హమీదా ఆపా విన్న దరఖాస్తులు

మొన్న చలికాలంలో ఆఫీసు పనిమీద ఆదిలాబాద్ వెళ్లాను. జీపు దిగి జిన్నింగు మిల్లుల వీధిలోకి తిరిగానో లేదో ముక్కులోకి దూది నూగు పోయి తుమ్ములు మొదలయ్యాయి. మిల్లు గేటు ముందు పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. లోపల యంత్రాల చప్పుడు, పత్తిగింజల జిడ్డు వాసన, గాలిలో ఎటు పోవాలో తేల్చుకోలేక తిరిగే తెల్లటి నూగు. వెంట వచ్చిన గుమాస్తా "కొంగు అడ్డం పెట్టుకోండమ్మా" అని సలహా ఇచ్చాడు. నాకు సలహా ఇచ్చినవాళ్లకు నేను సాధారణంగా రెండు మాటలు తిరిగి ఇస్తాను. ఆ రోజు ఇవ్వలేదు. ఆ నూగు మీద పడిందంటే నాకు ఆ వీధి చివరి పెంకుటిల్లు గుర్తుకొస్తుంది. కిటికీ రెక్కలు మూసిన గది, వాలుకుర్చీలో కళ్లు మూసుకున్న పెద్దావిడ, ఆమె ఎదుట కాగితం పట్టుకుని చదువుతున్న నేను. ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషిని. ఆ గదిలో మాత్రం కూర్చున్నాను. కూర్చోబెట్టింది హమీదా ఆపా.

ఆపా అంటే అక్క అనే కానీ, వయసులో ఆమె మా అమ్మకంటే పెద్దది. హైదరాబాదు రాజ్యం ఉన్న రోజుల్లో ఆడపిల్లల బడులకు ఇన్‌స్పెక్ట్రెస్‌గా పనిచేసింది. ఆమె వస్తుందంటే మేనేజర్లు బడి గోడలకు సున్నం కొట్టించేవారట. రాజ్యం మారింది, దానితోపాటు ఆఫీసుల్లో రాసే భాషా మారింది. ఉర్దూలో ఫైళ్లు నడిపిన మనిషిని గడువుకంటే ముందే పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపారు. తమ్ముడు కరాచీ వెళ్లిపోయాడు, ఆమె వెళ్లలేదు. ఎందుకు పోలేదని ఒకసారి అడిగాను. "ఎవడన్న పొమ్మంటె పోయేదాన్ని కాదు, వాడు రమ్మని ఏడ్చిండు. ఏడ్చేటోళ్ల ఎంబడి నేను పోను" అన్నది. వెనకగది నాకు అద్దెకిచ్చింది. నేను వాదం మొదలుపెడితే "షురూ అయింది, వకీల్ సాహెబా" అని నవ్వేది. నోరున్నదాన్నని నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. నా నోటిని చూసి నవ్వింది ఆమె ఒక్కతే.

నేను హుజూరాబాద్ వైపు మనిషిని. హైదరాబాదులో బి.ఏ. చదివి, ఆదిలాబాద్‌లో ఒక ప్రైవేటు ఆడపిల్లల బడిలో చేరాను. బడి మేనేజర్ విఠల్‌రావు గారు. ఆయన టాంగా గేటు దగ్గర ఆగితే పంతులమ్మలందరం పాఠం ఆపి వరండాలోకి వచ్చి నిలబడాలి. చేరిన రోజే మా అసలు సర్టిఫికెట్లు తీసుకుని తన ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. ఎందుకండీ అంటే "మీ ఇండ్లల్ల ఎలుకలుంటయి పంతులమ్మా, కొరుకుతయి" అనేవారు. వాళ్లింట్లో పూజ ఉంటే సెలవురోజున మమ్మల్ని పిలిపించి పప్పులో రాళ్లు ఏరించేవారు. ఒకసారి ఏరాను. రెండోసారి పిలుపు వస్తే, "రాళ్లు ఏరుడు నేను బి.ఏ.ల చదువలే, మేనేజర్‌సాబ్" అని కబురు పంపాను. ఆ రోజునుంచి నేను చెప్పే ప్రతి మాటా ఆయనకు ఎదురుమాటే అయింది. బడిలో నేను చేసిన ప్రతి పనీ మాత్రం ఆయన పనే. వార్షికోత్సవంలో నేను రాసిచ్చిన కాగితం చదువుతూ "నేను చేసిన, నేను తెచ్చిన" అని ఆయన చెబుతుంటే వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, బ్లాకుల్లో ముఖ్యసేవికలు కావాలని ప్రకటన వచ్చింది. ఊళ్లు తిరిగి ఆడవాళ్లతో పనిచేసే సర్కారు ఉద్యోగం. ఆ ఏడు దాటితే నా వయసు పరిమితి దాటుతుంది. ఇక మిగిలేది రెండే దారులు. జీవితాంతం టాంగా చప్పుడుకు లేచి నిలబడడం, లేదా హుజూరాబాద్ వెళ్లి అన్నల ఇళ్లలో వంతులవారీగా ఉండడం. రెండోది తలుచుకుంటే మొదటిదే నయమనిపించేది. మొదటిది తలుచుకుంటే అన్నం దిగేది కాదు. మా వైపు అలవాటు ప్రకారం సిఫారసు చిట్టీలు పోగుచేశాను. బాపుకు తెలిసిన వకీలుది ఒకటి, మాజీ తహసీల్దారుది ఒకటి, వేములవాడలో మా దూరపు బంధువు ఒకాయనది ఒకటి. దరఖాస్తు రాసి అన్నింటినీ కలిపి పట్టుకుని ఆపా గదిలోకి గర్వంగా వెళ్లాను.

దరఖాస్తు ఇంగ్లీషులో రాసుకున్నాను. ఆమెకు ఆ భాష పెద్దగా రాదు. "తెలుగుల చెప్పుకుంట చదువు. నేను ఇంటుంట" అన్నది. నౌకరీలో ఉన్నప్పుడు ఆమె పద్ధతి అదేనట. బల్లమీద కాగితాల కట్ట ఉంటే పేష్కారుతో, అంటే కచేరీ గుమాస్తాతో, చదివించుకుంటూ కళ్లు మూసుకుని వినేది. ఎక్కడ ధ్యాస తప్పితే అక్కడ చెయ్యి ఎత్తేది, ఆ కాగితం పక్కకు పోయేది. "దస్తూరి మంచిగుంటె కండ్లు మోసపోతయి బేటీ. చెవులు అంత జల్ది మోసపోవు" అన్నది. నేను మొదలుపెట్టాను. ఫలానా వారి కుమార్తెను, ఫలానా వారి మనవరాలిని, మా తాతగారు ఫలానా సంస్థానంలో... చెయ్యి లేచింది.

"నౌకరి నీ తాతకా?"

"కాదు ఆపా. గొప్ప కుటుంబమని తెలవాలె కదా."

"తెలిసింది. ఆయన్నే రమ్మను. గీ చిట్టీలేంది?"

"సిఫారసులు."

ఆమె చిట్టీలు ఒక్కొక్కటే నాచేత చదివించింది. వకీలు గారు మా బాపు నిజాయితీ గురించి రాశారు. తహసీల్దారు గారు తన సొంత సర్వీసు గురించి రాసుకున్నారు. వేములవాడ బంధువు దేవుడి దయ గురించి రాశాడు. "గింతమంది పెద్దమనుషులున్నరు. గిండ్ల నువ్వేడున్నవ్?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. కాగితాలు లాక్కుని నా గదిలోకి పోయాను.

కోపంలో రాసిన రెండో దరఖాస్తు అంతా విఠల్‌రావు గారే. ఇనుప పెట్టె, ఎలుకలు, పప్పులో రాళ్లు, వరండా, టాంగా, ఒక్కటీ వదల్లేదు. ఈసారి ఆపా చెయ్యి చాలాసేపు లేవలేదు. మధ్యలో రెండుసార్లు పకపకా నవ్వింది కూడా. గెలిచాననుకున్నాను. చివరకు కళ్లు తెరిచి, "మస్తుగుంది. ఆ మేనేజర్ నా కండ్లముందట నిలబడ్డడు. నౌకరి ఆయనకే ఇయ్యబుద్ధయితుంది" అన్నది. వెంటనే వాదించాను. నాకు అన్యాయం జరిగింది, అది చెప్పుకోవద్దా, ఆడది నోరు మూసుకోవాలని మీరూ అంటున్నారా అని నిలదీశాను. ఆమె తొణకలేదు. "అన్యాయం అదాలత్‌ల చెప్పు. ఈడ నీ పని చెప్పు."

మూడోసారి ఉక్రోషంతో, వినయం ఒలకబోస్తూ రాసుకొచ్చాను. తమ విధేయురాలిని, పెద్దల మాట జవదాటనిదానిని, ఏ పని అప్పగించినా శ్రద్ధగా చేయగలదానిని. మొదటి వాక్యం పూర్తి కాకముందే చెయ్యి లేచింది. "ఎవరీ మూగిది? మా ఇంట్ల కిరాయికి ఉన్నదా? నేనెన్నడు సూడలే!" అన్నది. నాకు ఏడుపొచ్చింది. ఎవరినైనా ఎంతసేపైనా ఖండించగల నాకు, నా గురించి నేను నాలుగు వాక్యాలు సూటిగా చెప్పడం చేతకాలేదు. ఎదుటివాడు ఒక మాటంటే దాన్ని కొట్టడానికి నా దగ్గర పది మాటలుంటాయి. ఎదుట ఎవరూ లేకుండా నేను ఫలానా అని నిలబడాలంటే ఒక్కటీ ఉండదు. ఆడవాళ్లం చాలామందిమి అంతేనేమో. ఏం చేశావంటే ఏముందిలే అంటాం. ఆ ఏముందిలేలోనే ఏళ్లు వెళ్లిపోతాయి.

ఆపా కుర్చీ ముందుకు జరుపుకుని నెమ్మదిగా అడిగింది. "ఆ పర్దా బండి ఎవరు తెచ్చిండ్రు?"

బండి సంగతి చెప్పాలి. ఆదిలాబాద్‌లో పేరున్న ఇళ్ల ఆడపిల్లలు, హిందువులైనా ముస్లిములైనా, కాస్త ఎదిగితే వీధిలో నడిచి బడికి రారు. నాలుగో తరగతి దాటితే బెంచీలు ఖాళీ. పర్దా కట్టిన బండి పెట్టండి, వస్తారు అని విఠల్‌రావు గారిని అడిగాను. "బడా, పెండ్లా?" అన్నారు. మళ్లీ అడిగాను. గదిలోంచి పొమ్మన్నారు. పోలేదు. పత్తి కాలం అయిపోతే మిల్లుల దగ్గర బండ్లు ఊరికే పడి ఉంటాయని గుర్తొచ్చి, ఒక బండి యజమాని భార్యను పట్టుకున్నాను. వాళ్ల బిడ్డను కూడా ఎక్కించుకుంటాననే షరతు మీద బండి దొరికింది. ఆపా ఇచ్చిన పాత దుప్పటి, నా చీరలు రెండు కలిపి పర్దా కట్టాం. బడి ఆయా ముందు నడుస్తూ గల్లీ గల్లీలో "బండొచ్చిందమ్మా, బండొచ్చింది" అని కేకేసేది. పిల్లలు వచ్చారు. బెంచీలు చాలక చాపలు పరిచాం. తర్వాత, పత్తి ఏరే కాలంలో బీదింటి పిల్లలు చేలకు పోయి బడికి రాకపోతే, ఆ రోజుల్లో బడి వేళలు మార్చాలని మరో పోట్లాట పెట్టుకున్నాను. మారాయి.

"గదే రాయి. కొట్లాట రాయకు, కొట్లాడితె ఏమొచ్చిందో గది రాయి. ఏయే గల్లీల నుంచి ఆడపిల్లలు వచ్చిండ్రో పేర్లతోని రాయి. నమ్మనోడు పోయి సూసుకుంటడు."

"మేనేజర్ నేనే చేసిన అంటడు ఆపా. రిపోర్టుల ఆయన పేరే ఉన్నది."

"బండి పర్దాకు ఎవరి చీరెలున్నయి?"

నాలుగో దరఖాస్తు చిన్నది. దాన్ని ఆమె చివరిదాకా విన్నది.

ఇక సర్టిఫికెట్లు కావాలి. అవి ఇనుప పెట్టెలో ఉన్నాయి. ఒకప్పుడు విఠల్‌రావు గారు బడికి గుర్తింపు కోసం ఆపా ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి. ఇప్పటికీ వీధిలో కనబడితే సలాం చేస్తారు. "మీరు ఒక్క మాట చెప్పండి ఆపా, ఇచ్చేస్తడు" అని బతిమాలాను. చెప్పనన్నది. నాకు ఒళ్లు మండింది. అద్దెకున్నదాని కోసం నోరు కదపడానికి ఇంత బెట్టా అని గట్టిగానే అన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"నేను చెప్పితె అది నాలుగో చిట్టీ అయితది. రేపు బ్లాకుల గిసొంటోడే ఇంకొకడు ఉంటడు. ఆడికి నన్ను మోసుకపోతవా?"

కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. వెనక తలుపునుంచి వచ్చి వెనక తలుపునుంచే పోయేదాన్ని. ఆఖరు తేదీ దగ్గరపడుతోంది. నిద్ర పట్టేది కాదు, పాఠం సాగేది కాదు, ఊరికే పిల్లలమీద అరిచేదాన్ని. చివరకు ఒక పొద్దున టాంగా ఆగడంతోనే, అందరం నిలబడి ఉన్న వరండాలోనే అడిగాను. వాదం పెట్టుకోలేదు, గొంతు పెంచలేదు.

"మేనేజర్‌సాబ్, ముఖ్యసేవిక నౌకరికి దరఖాస్తు పెడుతున్న. నా సర్టిఫికెట్లు కావాలె."

ఆయన పోట్లాట కోసం చూశారు. పోట్లాట రాకపోయేసరికి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కోటు గుండీలు సవరించుకున్నారు. "ఎందుకు?" అన్నారు. ఎందుకో చెప్పాను. "బడి ఎవలు సూస్తరు?" అన్నారు. తోటి పంతులమ్మల పేర్లు చెప్పాను. మా వెనక పిల్లలు, గేటు దగ్గర బండి, బండిలో దిగడానికి సిద్ధంగా ఉన్న ఆడపిల్లలు, వాళ్లను దింపడానికి వచ్చిన ఒకరిద్దరు తల్లులు. అంతమందిలో కాదనడానికి ఆయనకు కారణం దొరకలేదు. ఆ సాయంత్రం సర్టిఫికెట్లు ఇచ్చారు. వాటితోపాటు లక్క ముద్ర వేసిన కవరు ఒకటి ఇచ్చి, "దరఖాస్తుతోని ఇది కూడ పెట్టు. యజమాని అభిప్రాయం ఉండాలె కదా, పంతులమ్మా" అని నవ్వారు. "నీ నోరు జూసి ఎవలు తీసుకుంటరో నేను సూస్త."

ఆ కవరు పట్టుకుని ముందు తలుపులోంచే ఆపా గదికి వెళ్లాను. ఆవిరి పట్టి తెరుద్దామా, చించి పారేద్దామా అని గిలగిలలాడిపోయాను. ఆపా, మాటలు మానేసిన సంగతే లేనట్టు, కవరును వేళ్లతో తిప్పి చూసి నా ఒళ్లో పడేసింది.

"తెరిచేదేముంది? కొట్లాటమనిషి అని రాసి ఉంటడు. అబద్ధమా?"

"...కాదు."

"మరి ఆయనకంటె ముందు నువ్వే రాయి. రెండోసారి విన్న మాటకు పదును ఉండదు."

దరఖాస్తు చివర ఒక వాక్యం చేర్చాను. బండి విషయంలోనూ, బడి వేళల విషయంలోనూ నేను మేనేజరు గారితో వాదించాను, ఆయన వద్దన్నాక కూడా వాదించాను, నా వాదం వల్ల జరిగినవి పైన రాశాను. అర్థం చేసుకోండి, ఆ కాలంలో ఆడదాని దరఖాస్తులో విధేయురాలిని అని రాయకపోవడమే తెగింపు.

ఇంటర్వ్యూలో బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నది కోస్తా నుంచి వచ్చిన అధికారి. నా ఎదుటే లక్క పగలగొట్టి చదివి, ఆయన కాగితాన్ని పక్కవారికి ఇచ్చారు.

"మీరు బాగా తగవులమారి అని రాశారండీ మీ మేనేజరు గారు."

"నేను కూడా రాశానండీ. చివరి పేరాలో."

ఆయన నా దరఖాస్తు తిరగేసి చూశారు. మూతి బిగబట్టి, "మరి రేపు మాతోనూ వాదిస్తారా?" అని అడిగారు. ఇంటినుంచి బయల్దేరేటప్పుడు నోరు అదుపులో పెట్టుకుంటానని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు అక్కడితో సరి. "ఇప్పుడే వాదించాల్సి ఉందండీ" అన్నాను. "మీ ప్రకటనలో పల్లె ఆడవాళ్ల శిక్షణ పత్తి ఏరే రోజుల్లో పెట్టారు. ఆ రోజుల్లో ఈ జిల్లాలో ఒక్క ఆడమనిషి ఇంటిపట్టున ఉండదు. మీరు శిక్షణ ఇస్తారు, వినడానికి కుర్చీలుంటాయి." పక్కన కూర్చున్న స్థానిక అధికారి గట్టిగా నవ్వి, "గది నిజం సార్" అన్నాడు. మధ్యలో కూర్చున్నాయన నవ్వలేదు. కలం తీసి ఏదో రాసుకున్నారు. అది నాకు మంచిదో చెడ్డదో తెలియక, ఉత్తర్వు వచ్చేదాకా నేను పడిన ఆరాటం పగవాళ్లకు కూడా వద్దు. ఉద్యోగం అదే జిల్లాలోని బోథ్‌లో వచ్చింది. శిక్షణ వేసవికి మారింది.

బోథ్ వెళ్లేముందు నాకు ఒక పని మిగిలింది. పట్టణంలో పెద్దవయసు ఆడవాళ్లకు చదువు చెప్పే కేంద్రం తెరుస్తున్నారు, ఉర్దూ తెలుగు రెండూ వచ్చిన మనిషి కావాలంటున్నారు. నేను ఆపాను అడక్కుండా ఆమె పేరున దరఖాస్తు రాశాను. ఆమె తిరిగిన తాలూకాలు, తెరిపించిన బడులు, పశువుల బందెలదొడ్డిలో నడుస్తున్న బడిని పట్టుబట్టి ఒక ఇంట్లోకి మార్పించిన సంగతి, అన్నీ ఆమె మాటల్లో విన్నవే. ఆమె కుర్చీలో కళ్లు మూసుకుంది. నేను చదివాను.

"మంచిగున్నది. పంపకు."

"ఎందుకు పంపొద్దు?"

"ఆ బల్లకు అవతల కూసునే పోరగాండ్ల దరఖాస్తులు నేను పక్కకు పారేసిన. వాండ్ల ముంగట నిలవడాల్నా?"

"నాకు చెప్పినప్పుడు ఈ ఇజ్జత్ ఎటు పోయింది ఆపా?"

"నీకు నౌకరి కావాలె. నాకు అవసరం లే."

"అబద్ధం."

"అబద్ధమే" అన్నది. తర్వాత కళ్లు తెరవకుండానే, "ఇంకొకపారి చదువు" అన్నది.

చదివాను. రెండోసారి చదువుతుంటే ఆమె పెదవులు నాతోపాటు కదిలాయి. ఊళ్ల పేర్లు వచ్చినచోట నాకంటే ముందే కదిలాయి. ఆ దరఖాస్తు పంపలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. పంపకపోవడం తప్పని నేను ఆమెతో ఇప్పటికీ వాదిస్తూనే ఉంటాను, ఒక్కొక్కసారి పైకే. ఊళ్లలో ఏ ఆడమనిషైనా, అది మహిళామండలి నడిపే ఆమె కావచ్చు, మంత్రసాని కావచ్చు, నువ్వేం చేసినవమ్మా అంటే "ఏముందక్కా, ఏం లేదు" అన్నదంటే నేను అక్కడినుంచి కదలను. కాగితం తీస్తాను. ఒక్కొక్కటే అడిగి రాస్తాను. రాసింది ఆమెకు వినబడేలా చదువుతాను. ఎక్కడికైనా పంపుతారా లేదా అన్నది వాళ్లిష్టం. "ఇంకొకసారి చదువక్కా" అంటారు చాలామంది. చదువుతాను.